సత్కార్యంలో స్వప్రయోజనం

మంచి పని చేసినవాడికి దానివల్ల తనకూ ఏదో లాభం ఉంటే, ఆ పనికి నైతికంగా విలువ తగ్గుతుందా అన్నది నీతిశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. లాభమంటే డబ్బే కానక్కర్లేదు. పేరు, పుణ్యం, ఓట్లు, పన్ను రాయితీ, మనసుకు కలిగే తృప్తి, నరకభయం తీరడం కూడా లాభాల కిందికే వస్తాయి. ఫలితాన్ని బట్టి పనిని తూచేవారు విలువ తగ్గదంటారు. సంకల్పాన్ని బట్టి తూచేవారు తగ్గుతుందంటారు, వారిలో కొందరు అసలు మిగలదంటారు. మనిషి చేసే ప్రతి పనీ చివరికి తనకోసమే కాబట్టి ఈ ప్రశ్నకే అర్థం లేదనే మూడో వర్గం కూడా ఉంది. తెలుగు నానుడి మాత్రం ఈ విషయంలో ఉదారంగానే ఉంటుంది. స్వామికార్యం, స్వకార్యం ఒకే ప్రయాణంలో చక్కబెట్టుకున్నవాణ్ని, పుణ్యమూ పురుషార్థమూ రెండూ దక్కించుకున్నవాణ్ని మన వాడుక తప్పుపట్టదు. తెలివైనవాడంటుంది.

ప్రశ్నలోని రెండు ప్రశ్నలు

ఈ చర్చ తెగకపోవడానికి ముఖ్య కారణం రెండు వేర్వేరు విషయాలను ఒకే మాటలో అడగడం. పని మంచిదా అన్నది ఒకటి, చేసినవాడు మెచ్చదగినవాడా అన్నది ఇంకొకటి. ఎన్నికల ముందు ఊళ్లో బోరు వేయించిన నాయకుణ్ని తీసుకుందాం. ఓట్ల కోసం తవ్వించాడని బోరులో నీళ్లు ఉప్పగా మారవు. మొదటి ప్రశ్నకు జవాబు అంతే. ఓడిపోయిన మర్నాడు మోటారు ఊడదీసుకుపోయాడా, ఉంచాడా అన్నదాన్ని బట్టి రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గెలుపూ ఊరి మేలూ కలిసి నడిచినన్నాళ్లూ అతని మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు. ఆ రెండూ విడిపోయిన రోజునే అది బయటపడుతుంది.

త్యాగాన్నీ నిస్వార్థాన్నీ ఒకటిగా చూడడం మరో చిక్కు. ఎంత కోల్పోయి ఇచ్చాడన్నది వేరు, ఎందుకిచ్చాడన్నది వేరు. మహాభారతం ఆశ్వమేధిక పర్వంలోని సక్తుప్రస్థుడి కథను సాధారణంగా నిస్వార్థ దానానికి ఉదాహరణగా చెబుతారు. ధర్మరాజు అశ్వమేధం ముగిసినచోటికి సగం దేహం బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మణుడు అతిథికి పెట్టిన కుంచెడు పేలపిండికి సాటిరాదని తీసిపారేస్తుంది. కరువులో ఆ ఇంట్లో తండ్రి, తల్లి, కొడుకు, కోడలు ఒకరి తర్వాత ఒకరు తమ వంతు పిండి అతిథికి ఇచ్చేశారు. అయితే ముంగిస కొలిచింది ప్రధానంగా వాళ్లు వదులుకున్నదాన్ని. వాళ్లకు స్వర్గం మీద ఆశ లేదని కథ ఎక్కడా పట్టుబట్టదు. చివరికి ఆ ఇంటిల్లిపాదీ స్వర్గానికే వెళతారు.

భారతీయ ఆలోచనలో

ఫలం ఆశించి చేసే కర్మను మన సంప్రదాయం తోసిపుచ్చలేదు. దానికి వేరే గది కట్టి ఉంచింది. మీమాంసకులు కర్మలను నిత్యం, కామ్యం అని విడదీశారు. స్వర్గం కావలసినవాడు చేసేది, కొడుకు కావలసినవాడు చేసేది కామ్యకర్మ. అది తప్పు కాదు, వేదవిహితమే. ఫలాపేక్షతో సంబంధం లేకుండా విధిగా చేయవలసింది నిత్యకర్మ. ఇక్కడే మీమాంసలో రెండు శాఖలకు పేచీ వచ్చింది. ప్రయోజనం కనబడకపోతే మందమతి కూడా కదలడని కుమారిల భట్టు వాదన. విధి విధి కాబట్టే మనిషిని కదిలిస్తుందనీ, దానికి వెనక మరో ఎర అక్కర్లేదనీ ప్రభాకరుడి వాదన. ఇరవయ్యో శతాబ్దంలో మైసూరు పండితుడు ఎం. హిరియణ్ణ ఈ ప్రభాకర మతాన్ని జర్మన్ తత్వవేత్త కాంట్ సిద్ధాంతంతో పోల్చి చూశారు. పోలిక కొంతదూరమే నడుస్తుంది, ఎందుకంటే ప్రభాకరుడి విధి వేదం నుంచి వచ్చింది, కాంట్ విధి మనిషి బుద్ధి నుంచి వచ్చింది.

భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు తరగతులు చేసింది. ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో వస్తుందని, లేదా ఫలం కోసం, మనసు పీకుతుండగా ఇచ్చేది రాజసం. అవమానిస్తూ, అపాత్రుడికి, అకాలంలో ఇచ్చేది తామసం. స్వార్థంతో ఇచ్చిన దానం ఇక్కడ రెండో మెట్టులో ఉంది, అట్టడుగున లేదు. పుచ్చుకునేవాణ్ని చిన్నబుచ్చి ఇవ్వడం దానికన్నా హీనమని గీత లెక్క. ఈ చిన్న వివరాన్ని వ్యాఖ్యానాలు చదివేవారు కూడా దాటేస్తుంటారు.

అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును నిలదీస్తుంది: ఇంత ధర్మం పాటించి ఏం బావుకున్నావు అని. ఫలం కోసం తాను ధర్మం చేయలేదనీ, లాభం లెక్కవేసుకుని ధర్మాన్ని పాటించేవాడు ధర్మంతో వర్తకం చేసేవాడనీ, అలాంటివాడు ధర్మం మాట్లాడేవారందరిలోకీ అధముడనీ అతని సమాధానం. తమిళ సంగం సాహిత్యంలోనూ ఇదే వర్తకుడు కనిపిస్తాడు. పురనానూరులోని ఒక పద్యం ఆయ్ అనే చిన్నరాజును పొగుడుతూ, ఈ జన్మలో చేసింది వచ్చే జన్మలో అక్కరకొస్తుందని ధర్మాన్ని అమ్ముకునే వర్తకుడు కాడతను, పెద్దలు నడిచిన దారి కాబట్టి ఇస్తున్నాడంతే అంటుంది.

బౌద్ధం ఈ విషయాన్ని మరింత ఓపికగా విడదీసింది. చంపానగరం దగ్గర గగ్గరా పుష్కరిణి ఒడ్డున సారిపుత్తుడు బుద్ధుణ్ని అడుగుతాడు: ఒకే దానం ఒకడికి గొప్ప ఫలమిచ్చి, ఇంకొకడికి ఇవ్వదెందుకు? అంగుత్తర నికాయంలోని ఈ సూత్రంలో బుద్ధుడు దాత మనసును మెట్లుమెట్లుగా చూపిస్తాడు. చచ్చాక అనుభవిస్తానని ఇచ్చేవాడు కింది మెట్టు మీద ఉంటాడు. ఇవ్వడం మంచిదని ఇచ్చేవాడు, తాతముత్తాతలు ఇచ్చారు కాబట్టి మానకూడదని ఇచ్చేవాడు, వండుకునే నేను వండుకోని సన్యాసికి పెట్టకపోవడం తగదని ఇచ్చేవాడు, ఇస్తే మనసు తేలికవుతుందని ఇచ్చేవాడు ఆపై మెట్ల మీద ఉంటారు. ఇవేవీ కాక, దానం మనసుకు ఆభరణమని ఇచ్చేవాడు అందరికన్నా పైన. కింది మెట్టువాడికీ ఫలం ఉంది. అతను దేవలోకానికి వెళతాడు, పుణ్యం తరిగాక తిరిగి వస్తాడు. స్వార్థం ఫలాన్ని రద్దు చేయదు, దాని ఆయుష్షు తగ్గిస్తుంది.

రాతి మీద రాసిన కారణాలు

దాతలు తమ ఉద్దేశాలను దాచుకోవాలన్న పట్టింపు తెలుగునేల శాసనాల్లో ఎక్కడా కనిపించదు. మూడో శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే ఇప్పటి నాగార్జునకొండలో, మహాచైత్యాన్ని నిలబెట్టిన చాంతిసిరి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి సోదరి. తన వారికి ఇహపరాల్లో హితం, సుఖం కలగాలనీ, తనకు నిర్వాణం దక్కాలనీ ఆయక స్తంభాల మీద చెక్కించింది. ఏ స్తంభం ఎందుకు ఎత్తించిందో అడగాల్సిన పని లేకుండా చెప్పింది. గుళ్లో ట్యూబ్‌లైటు మీద వెలుతురు అడ్డుకునేంత పెద్ద అక్షరాలతో దాత పేరు రాయించడాన్ని ఇప్పటివాళ్ల పేరాశ అనుకునేవారు ఆ స్తంభాలను గుర్తుంచుకోవాలి.

ఇంతకన్నా ఆసక్తికరమైనది మోటుపల్లి అభయశాసనం. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో ఈ రేవుపట్నంలో నిలబెట్టిన రాతి మీద సముద్ర వర్తకులకు ఒక హామీ ఉంది. అంతకుముందు రాజులు తుఫానుకు చెడి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకునంతా బలవంతంగా లాగేసుకునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని ఇంత ప్రమాదానికి తెగించి సముద్రం మీదికి వెళ్లేవారు వీళ్లు, కాబట్టి నిర్ణయమైన సుంకం తప్ప మిగతా సొత్తంతా వాళ్లకే వదిలేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. కారణాలు మూడు చెప్పాడు: దయ, కీర్తి, ధర్మం. ఆ వెంటనే గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం వంటి సరుకుల మీద సుంకం ఎంతెంతో లెక్కలు వస్తాయి.

ఇందులో దయ ఎంత, కీర్తికాంక్ష ఎంత, రేవు ఆదాయం ఎంత అని వడకట్టడానికి ఆధారమేమీ లేదు. ఓడ మునిగి ఒడ్డున పడ్డ వర్తకుడికి ఆ వడపోతతో పనీ లేదు. అయినా సుంకాల పట్టిక అక్కడ ఉండడం మాటకు బలమే ఇచ్చింది. దయతో మాత్రమే ఇచ్చిన హామీని తర్వాతి రాజు దయలేక ఎత్తేయవచ్చు. ఖజానాకు లాభముండే హామీని ఎత్తేసేముందు ఏ రాజైనా ఒకసారి ఆలోచిస్తాడు. స్వప్రయోజనం కొన్నిసార్లు మంచి పనికి కాపలా కాస్తుందనడానికి ఈ శాసనం మంచి ఉదాహరణ.

కీర్తి కోసం ఇవ్వడం మన కావ్యాల్లోనూ లోపం కాదు. పోతన భాగవతంలో బలి చక్రవర్తి వచ్చిన వటువు ఎవరో తెలిసి, శుక్రాచార్యుడు వారించినా వినకుండా మూడడుగులు ధారపోస్తాడు. రాజ్యాలేలినవాళ్లంతా ఏమీ మూటగట్టుకోకుండా పోయారనీ, ఇచ్చినవాళ్ల పేరే మిగిలిందనీ అతను చెప్పే కారణం. పేరు కోసం ఇచ్చాడని బలిని తక్కువగా చూసిన తెలుగు పాఠకుడు ఉన్నట్టు లేదు. సర్వస్వమూ పోతుందని తెలిసి ఇచ్చినవాడి కీర్తికాంక్షకు, శంకుస్థాపన ఫొటో కోసం ఇచ్చినవాడి కీర్తికాంక్షకు మధ్య గీత ఎక్కడో ఉందని అందరికీ తెలుసు.

ఇతర మతాల్లో

ఇస్లాంలో పనుల విలువ నియ్యత్ మీద, అంటే సంకల్పం మీద ఆధారపడుతుందన్న హదీసుతోనే సహీహ్ బుఖారీ మొదలవుతుంది. నలుగురూ చూడాలని చేసే పుణ్యాన్ని రియా అంటారు. అలా ఇచ్చినవాడి దానాన్ని ఖురాన్ రెండో సూరా నున్నటి బండ మీద పేరుకున్న మట్టితో పోల్చింది. ఒక్క జడివాన పడితే ఏమీ మిగలదు. అదే సూరా, బహిరంగంగా ఇచ్చే దానమూ మంచిదేననీ, పేదలకు గుట్టుగా ఇస్తే ఇంకా మంచిదనీ అంటుంది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఏసు దానానికి ముందు బాకా ఊదించుకునేవారిని వేషధారులన్నాడు. వాళ్లకు రావలసిన ఫలం అప్పుడే ముట్టిపోయిందన్నాడు. అయితే గుట్టుగా ఇచ్చినవాడికి తండ్రి ప్రతిఫలమిస్తాడని కూడా అదే చోట ఉంది. ప్రతిఫలం మీద ఆశ పోలేదు, దాన్ని ఇచ్చేవాడు మారాడంతే అని విమర్శకులు ఎత్తిచూపేది దీన్నే.

యూదు సంప్రదాయం ఎక్కువ వ్యవహారజ్ఞానం చూపింది. వేరే ఉద్దేశంతోనైనా సరే ధర్మగ్రంథాన్ని చదవనీ, ఆజ్ఞను పాటించనీ, అలా చేస్తూ చేస్తూ అసలు ఉద్దేశానికి వస్తాడని తాల్ముద్ చెబుతుంది. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడిస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికి, పుచ్చుకున్నవాడెవరో ఇచ్చినవాడికి తెలియని దానం అందులో పైనుంచి రెండోది. అన్నిటికన్నా పై మెట్టు మాత్రం మనిషికి పనో, అప్పో, భాగస్వామ్యమో ఇచ్చి మళ్లీ చేయి చాచే అవసరం లేకుండా చేయడం. భాగస్వామ్యంలో ఇచ్చినవాడికీ లాభం రావచ్చు. దాన్ని మైమోనిడిస్ పై మెట్టుకు అడ్డంకి అనుకోలేదు.

ఐరోపాలో: భిక్షగాడు, దుకాణదారు, మునిగిపోతున్నవాడు

ఐరోపా చర్చ మూడు చిన్న కథల చుట్టూ తిరుగుతుంది. మొదటిది పదిహేడో శతాబ్దపు లండన్‌ది. మనిషి స్వభావతః స్వార్థపరుడని చెప్పినవాడిగా ముద్రపడిన తత్వవేత్త థామస్ హాబ్స్ వీధిలో ఒక ముసలి బిచ్చగాడికి డబ్బిచ్చాడట. పక్కనున్న మతాచార్యుడు, క్రీస్తు ఆజ్ఞ లేకపోతే ఇచ్చేవాడివా అని అడిగాడు. ఇచ్చేవాణ్నే, అతని బాధ చూసి నాకు బాధ కలిగింది, అతనికి ఊరట దొరికితే నాకూ దొరుకుతుంది అన్నాడట హాబ్స్. ఆయన మిత్రుడు జాన్ ఆబ్రీ రాసిపెట్టిన ముచ్చట ఇది.

లండన్‌లో స్థిరపడ్డ డచ్చి వైద్యుడు బెర్నార్డ్ మాండవిల్ ఇంకాస్త ముందుకెళ్లి, గర్వం, డాంబికం కట్టినన్ని ఆసుపత్రులు సద్గుణాలన్నీ కలిసినా కట్టలేదన్నాడు. ఆయన తేనెటీగల కథ పుస్తకం 1714లో వచ్చింది. 1723లో దానికి దానధర్మాల మీద వ్యాసం చేర్చాక మిడిల్‌సెక్స్ గ్రాండ్ జ్యూరీ దాన్ని ప్రజలకు హాని చేసే పుస్తకంగా అభియోగం మోపింది. ఆ వ్యాసంలో మాండవిల్ వెక్కిరించినది 1714లో చనిపోయిన జాన్ రాడ్‌క్లిఫ్ అనే ధనిక వైద్యుణ్ని. సొంత బంధువులకు దక్కాల్సింది వదిలి, అవసరం లేని ఆక్స్‌ఫర్డ్‌కు ఆస్తి రాసి పేరు కొనుక్కున్నాడని ఆరోపణ. ఆ ఆస్తితో 1770లో తెరిచిన రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలోనే 1941 ఫిబ్రవరిలో ఒక పోలీసు కానిస్టేబుల్‌కు పెన్సిలిన్ ఇచ్చి చూశారు. కోలుకుంటున్నట్టే ఉండగా మందు అయిపోయి అతను చనిపోయాడు గానీ, చికిత్సగా పెన్సిలిన్ చరిత్రకు మొదలు అక్కడే. డాంబికమే నిజమైనా, మాండవిల్ వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఆయన జీవితకాలంలో దొరకలేదు.

రెండో కథ కాంట్‌ది. 1785లో అచ్చయిన నీతిశాస్త్ర గ్రంథంలో ఆయన ఒక దుకాణదారుణ్ని చూపిస్తాడు. బేరం తెలియని పసివాడొచ్చినా అందరికీ ఇచ్చే ధరకే ఇస్తాడు. మోసం చేయడు. అయితే వ్యాపారం బాగుండాలంటే అలా ఉండడమే లాభం కాబట్టి ఉంటున్నాడు. అతను చేసింది విధికి అనుగుణంగానే ఉంది, విధి కోసం చేసింది మాత్రం కాదు, కనుక దానికి నైతిక విలువ లేదన్నాడు కాంట్. ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. జాలిగుండె ఉండి, ఇతరుల సంతోషం చూసి మురిసిపోతూ సాయం చేసేవాడి పనికి కూడా ప్రత్యేకమైన నైతిక విలువ లేదనీ, సొంత దుఃఖంతో మనసు మొద్దుబారి, ఎవరిమీదా జాలి కలగని స్థితిలో కూడా విధి కాబట్టి సాయం చేసినవాడి పనికే ఆ విలువ ఉందనీ అనేసరికి చదువరి ఆగుతాడు. మిత్రులకు ఇష్టంగా సాయం చేస్తున్నాను, కాబట్టి నేను నీతిమంతుణ్ని కానేమో అని కవి షిల్లర్ ఎగతాళి చేసింది దీన్నే. కాంట్‌ను సమర్థించేవారు చెప్పేది వేరు. జాలి చెడ్డదని ఆయన అనలేదు, జాలి ఎటు లాగితే అటు పోయేది, సరైన వైపుకే లాగుతుందన్న భరోసా లేదన్నాడు. అమెరికన్ తత్వవేత్త బార్బరా హర్మన్ 1981లో ఈ వాదనను పదును పెట్టింది. రాత్రిపూట బరువైన వస్తువేదో మోసుకుపోలేక అవస్థపడుతున్నవాడికి జాలితో సాయంపట్టినవాడు, అది దొంగసొమ్మేమో అని ఆలోచించడు.

దుకాణదారు ఉదాహరణకు వెనక కనిపించకుండా ఉన్న ప్రశ్న ఇది: మోసం చేస్తే దొరకననీ, లాభం కూడా ఎక్కువేననీ తెలిసిన రోజు అతనేం చేస్తాడు? ఆ రోజు కూడా అదే ధరకు ఇస్తే, మామూలు రోజుల్లో లాభం చూసుకున్నందుకు అతన్ని తప్పుపట్టడానికేమీ ఉండదు. రెండు కారణాలూ ఒకేసారి ఉన్న పనుల గురించి కాంట్ సూటిగా తేల్చలేదు. విధి ఒక్కటే ఉన్నా ఆ పని జరిగేదే అయితే, పక్కన లాభం ఉండడం దోషం కాదని రిచర్డ్ హెన్సన్ 1979లో కాంట్ తరఫున ఒక సవరణ ప్రతిపాదించాడు. ఈ వ్యాసకర్తకు అందరికన్నా సబబుగా తోచే మాట ఇదే.

మూడో కథ ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్‌ది. మునిగిపోతున్నవాణ్ని ఒడ్డుకు చేర్చినవాడు ధర్మమని చేర్చినా, బహుమతి ఆశతో చేర్చినా చేసింది మంచి పనే, ఉద్దేశాన్ని బట్టి చేసినవాడి యోగ్యత మారుతుంది తప్ప పని మంచితనం మారదని ఆయన 1861లో రాశాడు. దీనికి ఒక మతాచార్యుడు గట్టి ఎదురుప్రశ్న వేశాడు. తన నుంచి తప్పించుకోవడానికి సముద్రంలో దూకిన శత్రువును ఒక క్రూరుడు కాపాడాడు, తీరిగ్గా చిత్రహింస పెట్టడానికి. అదీ మంచి పనేనా? 1864 ముద్రణలో మిల్ పాదసూచికలో జవాబిచ్చాడు. అక్కడ మారింది లోపలి ప్రేరణ కాదు, చేయబోయే పనే వేరు. కాపాడడం ఆ హింసలో మొదటి అంకం మాత్రమే. బహుమతి ఆశించేవాడి పని ఒడ్డుకు చేర్చడంతో ముగుస్తుంది, క్రూరుడి పని అక్కడ మొదలవుతుంది. తర్వాతి ముద్రణల్లో ఆ పాదసూచిక ఎందుకో మాయమైంది, మిల్ రాసినవాటిలో మంచి పాదసూచిక అది.

అంతా స్వార్థమేనా

హాబ్స్ జవాబును సాగదీస్తే, జాలి కూడా స్వార్థమే అవుతుంది. దీనికి బిషప్ జోసెఫ్ బట్లర్ 1726లో ప్రచురించిన ప్రసంగాల్లో ఇచ్చిన సమాధానం ఇప్పటికీ నిలిచే ఉంది. ఎదుటివాడి మేలు ముందే కోరుకుని ఉంటేనే అది తీరినప్పుడు తృప్తి కలుగుతుంది. కోరిక తీరితే సంతోషం కలిగిందని, ఆ సంతోషం కోసమే కోరుకున్నామనడం తలకిందుల వాదన.

మనస్తత్వవేత్త డేనియల్ బాట్సన్ ఈ విషయాన్ని ప్రయోగానికి పెట్టాడు. 1981లో ప్రచురించిన కాన్సస్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో విద్యార్థినులు తెర మీద ఎలేన్ అనే అమ్మాయి విద్యుత్ షాకులు తింటుండడం చూశారు. నిజానికి అది నటన. తర్వాతి షాకులు ఆమె బదులు మీరు తీసుకుంటారా అని అడిగారు. కొందరికి, వద్దనుకుంటే లేచి వెళ్లిపోవచ్చన్నారు. కొందరికి, వద్దన్నా కూర్చుని చూడక తప్పదన్నారు. సొంత బాధ పోగొట్టుకోవడమే లక్ష్యమైతే, వెళ్లిపోయే దారి ఉన్నవాళ్లు వెళ్లిపోవాలి. ఎలేన్ మీద సానుభూతి కలిగినవాళ్లలో ఎక్కువమంది దారి ఉన్నా వెళ్లలేదు. రాబర్ట్ చియాల్డిని వంటివారు ఈ ఫలితానికి వేరే వివరణలు ఇచ్చారు, ఆ వాదం చాలా ఏళ్లు సాగింది. ఇచ్చినప్పుడు దాతకు కలిగే వెచ్చటి తృప్తిని లెక్కలోకి తీసుకుని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1990 ప్రాంతంలో దానధర్మాలకు ఒక సూత్రం కట్టాడు. అది దాతను నిందించడానికి కట్టింది కాదు. ప్రభుత్వం సాయం పెంచినా జనం ఇవ్వడం పూర్తిగా ఎందుకు మానరో అర్థం చేసుకోవడానికి.

జనం ఎలా తూస్తారు

తత్వవేత్తల కన్నా జనం కఠినులు. జార్జ్ న్యూమన్, డేలియన్ కెయిన్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన పరిశీలనలో ఒక యువకుడి కథ ఉంది. తనకు నచ్చిన అమ్మాయికి దగ్గరవ్వాలని, ఆమె పనిచేసే నిరాశ్రయుల శిబిరంలో స్వచ్ఛంద సేవకు చేరాడు. ఇంకో కథలో అదే యువకుడు అదే ఉద్దేశంతో ఆమె పనిచేసే కాఫీ షాపులో చేరాడు. చదివినవారు కాఫీ షాపువాడి కన్నా శిబిరంవాణ్నే తక్కువ చేశారు. ఎవరికీ ఏ మేలూ చేయనివాడి కన్నా, కాస్త మేలు చేసి తానూ లాభం చూసుకున్నవాడు హీనుడయ్యాడు. అతను మేలు చేయకుండా కూడా ఉండగలిగేవాడు కదా అని గుర్తుచేస్తే ఆ కోపం తగ్గింది.

తెలుగు పాఠకుడికి ఈ యువకుడు పాత పరిచయస్తుడే. గురజాడ కన్యాశుల్కంలో గిరీశం వితంతు వివాహం గురించి, నాచ్చి వ్యతిరేకోద్యమం గురించి ఉపన్యాసాలిస్తాడు, వేశ్య మధురవాణి ఇంటికీ వెళతాడు, బాలవితంతువు బుచ్చమ్మను పెళ్లాడతానని లేవదీసుకుపోతాడు. వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో జరిపించింది కూడా వితంతు వివాహమే. పని పేరు ఒకటే. గిరీశం అసలు రంగు బయటపడ్డాక సౌజన్యారావు పంతులు ఆ పెళ్లి జరగనివ్వకుండా బుచ్చమ్మను చదువుకోవడానికి పూనా వితంతు శరణాలయానికి పంపిస్తాడు. ఇక్కడ పంతులు గిరీశం మనసుకు శిక్ష వేయలేదు. అలాంటి మనసున్నవాడి చేతిలో ఆ అమ్మాయి బతుకేమవుతుందో చూశాడు. పక్కనే మధురవాణి ఉంది. వంచనలో భాగం పంచుకుని ఒక పసిపిల్ల పెళ్లి తప్పడానికి సాయపడింది, ఆమెను వేలెత్తి చూపాలని ఎవరికీ అనిపించదు.

ఉద్దేశం పని మధ్యలో మారిపోవచ్చు కూడా. 1939లో క్రాకో చేరిన ఆస్కార్ షిండ్లర్ యుద్ధంలో డబ్బు చేసుకోవాలనే ఎనామెల్ గిన్నెల ఫ్యాక్టరీ నడిపాడు, చవగ్గా దొరుకుతారనే యూదు కూలీలను పెట్టుకున్నాడు. చివరికొచ్చేసరికి సుమారు 1,200 మందిని బతికించడానికి సంపాదించిందంతా లంచాలకూ తిండికీ ఖర్చుపెట్టేశాడు. ఏ రోజు మారాడో చెప్పగల తేదీ లేదు.

చట్టం ఏమడుగుతుంది

చట్టం సాధారణంగా మనసు జోలికి పోదు. విరాళానికి ఆదాయపు పన్నులో రాయితీ అడిగేవాణ్ని ఎందుకిచ్చావని అధికారి అడగడు, రసీదు అడుగుతాడు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ఇంకాస్త ముందుకెళ్లింది. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలని 2014 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. తప్పనిసరిగా ఇచ్చేదాన్ని దానమనాలా, పన్ను అనాలా అన్నది వేరే చర్చ. రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడినవారిని తొలి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టింది, 2025లో దాన్ని 25,000కు పెంచింది. మిల్ ఉదాహరణలోని బహుమతి ఇప్పుడు ప్రభుత్వ పథకం. రోడ్డు మీద రక్తం కారుతున్నవాడి వైపు నుంచి చూస్తే దీన్ని తప్పుపట్టే కారణం కనిపించదు.

రక్తం దగ్గర మాత్రం ప్రభుత్వం ఎదురు దారి పట్టింది. డబ్బుకు రక్తమిచ్చేవారిని సుప్రీంకోర్టు 1996 తీర్పు దరిమిలా 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. దీనికి నైతిక కారణం కన్నా ఆరోగ్య కారణమే పెద్దది. రక్తం అమ్ముకునేవాడికి తన జబ్బు దాచిపెట్టే అవసరం ఉంటుంది, ఊరికే ఇచ్చేవాడికి ఉండదు. బ్రిటిష్ పరిశోధకుడు రిచర్డ్ టిట్మస్ 1970లో అమెరికా, బ్రిటన్ రక్త వ్యవస్థలను పోల్చి చెప్పింది ఇదే. డబ్బు ఆశ చూపితే ఇచ్చే మనసు కూడా వెనక్కి తగ్గుతుందని ఆయన మరో మాట అన్నాడు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో రక్తదాతలుగా చేరడానికి ముందుకొచ్చిన మహిళలు 52 శాతం, చిన్న మొత్తం ఇస్తామనేసరికి 30 శాతం. ఆ డబ్బును ధర్మసంస్థకు ఇచ్చేయవచ్చు అనగానే 53 శాతం. మగవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే తర్వాతి క్షేత్ర పరిశీలనల్లో కానుకలు, సెలవులు చూపితే దాతలు పెరిగారే తప్ప తగ్గలేదు కాబట్టి, టిట్మస్ రెండో మాట అన్నిచోట్లా చెల్లదు. మొదటి మాటను కాదనడం కష్టం. అక్కడ దాత ఉద్దేశం సీసాలోని రక్తందాకా వస్తుంది.

ఉద్దేశాన్నే సూటిగా అడిగే చట్టం ఒకటుంది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం, దగ్గరి బంధువు కాని బతికున్న మనిషి తన కిడ్నీ ఇవ్వాలంటే, రోగి మీద ఆప్యాయతతోనో అనుబంధంతోనో మరో ప్రత్యేక కారణంతోనో ఇస్తున్నట్టు కమిటీ అనుమతి పొందాలి. ఆప్యాయతను పరీక్షించే పరికరమేదీ కమిటీ దగ్గర లేదు. అందుకే 2014 నిబంధనలు అది చూడాల్సినవి ఏమిటో చెప్పాయి. ఇద్దరికీ సంబంధం ఎలా ఏర్పడింది, ఎందుకు ఇవ్వాలనుకుంటున్నాడు, మధ్యలో దళారి ఉన్నాడా, ఇద్దరూ కలిసి దిగిన పాత ఫొటోలున్నాయా, గత మూడేళ్లలో ఎవరి ఆదాయం ఎంత. ఆ ఆదాయాల మధ్య పెద్ద అంతరం కనిపిస్తే, వ్యాపారం జరుగుతోందేమోనన్న దృష్టితో కమిటీ దాన్ని బేరీజు వేయాలి.